పళ్ళకు కొత్తగా క్లిప్పులు వేశారా? మొదటి వారం ఇలా తినిపించండి

విజయనగరమో విశాఖపట్నమో వెళ్ళి, పిల్లకు ఎత్తుపళ్ళు సరిచేయడానికి క్లిప్పులు వేయించి, సాయంత్రం బస్సుకు సాలూరు చేరుకుంటారు. దారిలో అంతా బాగానే ఉంటుంది. రాత్రి అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద నమలగానే "అమ్మా, నొప్పి!" అని కంచం పక్కకు తోసేస్తుంది.

ఇంట్లో కంగారు మొదలవుతుంది. కొందరు "ఈ తీగలు మనకొద్దు, తీయించేద్దాం" అంటారు. మరికొందరు రెండు మూడు రోజులు టీ, బిస్కెట్లతో సరిపెడతారు. రెండూ తప్పే. ఎదిగే వయసులో తిండి తగ్గకూడదు, మొదలుపెట్టిన చికిత్స మధ్యలో ఆగకూడదు. ఈ నొప్పి కొద్ది రోజులదే. ఆ కొద్ది రోజులు వంటలో చిన్న మార్పులు చేస్తే చాలు.

నొప్పి ఎందుకు వస్తుంది?

పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందంలో మెత్తని పొర ఉంటుంది. క్లిప్పుల తీగ పన్నును నెట్టినప్పుడు ఈ పొర ఒక పక్క నలిగి వాస్తుంది. ఆ పక్క ఎముక మెల్లగా కరిగి దారి ఇస్తుంది, రెండో పక్క కొత్త ఎముక ఏర్పడుతుంది. ఇలా పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు కదులుతుంది. అంటే ఈ నొప్పి పన్ను పాడవుతున్నందుకు కాదు, కదలడం మొదలైనందుకు.

వేసిన కొన్ని గంటలకు నొప్పి మొదలై, మరునాటికి ఎక్కువవుతుంది. సాధారణంగా 3 నుంచి 7 రోజుల్లో తగ్గిపోతుంది. 4 నుంచి 8 వారాలకొకసారి తీగ బిగించినప్పుడు మళ్ళీ ఒకటి రెండు రోజులు ఉండవచ్చు.

మొదటి రెండు రోజులు: నమలనక్కరలేని తిండి

* చోడి అంబలి లేదా జావ: 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు గాని మజ్జిగ గాని కలిపి, గోరువెచ్చగానో చల్లగానో ఇవ్వండి.
* పెసరపప్పు కట్టు, కొద్దిగా నెయ్యి వేసిన గంజి.
* పెరుగు, మజ్జిగ. చల్లదనం నొప్పిని కొంత తగ్గిస్తుంది.
* సాంబారులో బాగా నానిన ఇడ్లీ.
* చిదిమిన అరటిపండు, మగ్గిన బొప్పాయి.

మూడో రోజు నుంచి: మెత్తని తిండి

* మెత్తగా ఉడికిన అన్నంలో ముద్దపప్పు.
* ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, గుమ్మడికాయ కూరలు.
* ఉడికించిన గుడ్డు చిదిమి అన్నంలో కలపండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి.
* ముళ్ళు జాగ్రత్తగా తీసిన చేప.
* పలుచని ఉప్మా, పాలలో నానిన చపాతీ.

మూడు పూటలా నిండుగా తినలేకపోతే ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. ముందు పళ్ళతో కొరకనివ్వకుండా చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. నోట్లో పుళ్ళు ఉంటే అవి మానేవరకు ఆవకాయ, పచ్చిమిర్చి, పులుపు తగ్గించండి.

నొప్పి తగ్గినా వీటికి దూరం

చెరకు, తేగలు, జంతికలు, వేరుశనగ ఉండలు, మొక్కజొన్న పొత్తు, మాంసం ఎముకలు, ఐసు ముక్కలు, చూయింగ్ గమ్, సాగే చాక్లెట్లు క్లిప్పులు ఉన్నంతకాలం వద్దు. ఒక్క క్లిప్పు ఊడినా మళ్ళీ అంత దూరం ప్రయాణం, ఆ రోజు కూలి, బడి పోతాయి. చికిత్స కూడా ఆలస్యమవుతుంది. జామకాయను గింజ తీసి, సన్నగా కోసి పెట్టవచ్చు.

మెత్తని తిండి పళ్ళకు అతుక్కుపోతుంది. అందుకే తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించి, ఫ్లోరైడు పేస్టుతో మెత్తని బ్రష్షుతో తోమించండి. తోమకపోతే క్లిప్పుల చుట్టూ తెల్లని మచ్చలు పడి పళ్ళు పుచ్చుతాయి. ఎన్నో నెలలు తీగలు మోసి, చివరకు వరుసగా ఉన్న పుచ్చుపళ్ళు మిగలడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా!

ఉపశమనానికి

గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించమనండి. తీగ గుచ్చుకునే చోట దంతవైద్యులు ఇచ్చిన మైనం పెట్టండి, కొవ్వొత్తి మైనం వాడకండి. నొప్పి మాత్ర వైద్యులు చెప్పిన మోతాదులోనే ఇవ్వండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి.

పిల్ల హాస్టల్లో ఉంటే, ఈ వారం మెత్తని అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు కావాలని వార్డెనుకు చీటీ రాసి పంపండి. పిల్లలు సిగ్గుపడి అడగరు, పస్తుంటారు.

ఎప్పుడు వైద్యుని కలవాలి?

* వారం దాటినా నొప్పి తగ్గకపోయినా, పెరుగుతున్నా
* ముఖం వాచినా, జ్వరం వచ్చినా
* క్లిప్పు ఊడినా, తీగ బయటకు పొడుచుకొచ్చినా
* నీళ్ళు, జావ కూడా తాగలేకపోయినా

ఊడిన ముక్క మింగి దగ్గు, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో పట్టకారుతో తీగ లాగడం, కత్తిరించడం చేయకండి.

నోరు నొప్పి పెట్టినంత మాత్రాన కడుపు ఊరుకోదు. ఈ వారం కొంచెం ఓపికగా, మెత్తగా వండి పెట్టండి. వచ్చే వారం పిల్ల తానే కంచం దగ్గరకు వస్తుంది.