ద్విచక్రవాహనంపై పాటలు వినడం: వినికిడి, అవధానం

గత భాగంలో అవధానం అంటే ఏమిటో, ఒకేసారి మనకు అందే అనేక ఉద్దీపనల్లో కొన్నింటినే అది ఎలా ఎంచుకుంటుందో తెలుసుకున్నారు. ఈ భాగంలో ఆ విషయాన్ని మీలో చాలామందికి రోజూ ఉండే ఒక అలవాటుకు అన్వయించి చూద్దాం. ఆదివారం సంపర్క తరగతులకు ముప్పై, నలభై కిలోమీటర్ల నుంచి మోటారు సైకిల్ మీద వచ్చే విద్యార్థుల్లో, హెల్మెట్‌తో పాటు చెవిలోని ఇయర్‌ఫోన్ కూడా తీసేవారిని ఎందరినో చూశాను. దారి పొడవునా పాటలు. కొందరికైతే పాఠాల ఆడియో. "ఒక్క చెవిలోనే పెట్టుకుంటాను సార్, రెండో చెవి రోడ్డుకే" అని చెప్పేవారు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చాలంటే ముందు హెల్మెట్ లోపలికి వెళ్లాలి.

బండి వేగం పెరిగేకొద్దీ మన చెవికి వినిపించేది ఇంజిన్ చప్పుడు కాదు, గాలి హోరు. హెల్మెట్ అంచుల దగ్గర గాలి సుడులు తిరగడం వల్ల ఈ హోరు పుడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది చెవి దగ్గర సుమారు 90 డెసిబెల్స్ ఉంటుంది. 100 కిలోమీటర్ల వేగంలో 100 డెసిబెల్స్‌కు దగ్గరవుతుంది. హెల్మెట్‌ను బట్టి, బండి ముందు అద్దాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారతాయి. డెసిబెల్ మామూలు కొలత వంటిది కాదని గుర్తుంచుకోండి. 3 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది, 10 పెరిగితే పదింతలవుతుంది.

ఇంత హోరులో పాట వినబడాలంటే దాన్ని హోరు కంటే పైకి లేపాలి. ఒక ధ్వని మరో ధ్వనిని వినబడకుండా కప్పివేయడాన్ని ఆచ్ఛాదన అంటారు. గాలి హోరులో మంద్ర ధ్వనులు ఎక్కువ. బలమైన మంద్ర ధ్వనులు తమ కంటే హెచ్చు స్థాయిలో ఉన్న స్వరాలను కూడా కప్పేస్తాయి. అందుకే గాయని గొంతు మునిగిపోతుంది, మీ వేలు వాల్యూమ్ మీదికి వెళుతుంది. ఇంట్లో భరించలేని వాల్యూమ్ రోడ్డు మీద హాయిగా అనిపించడంలో మాయ ఏమీ లేదు. బండి ఆపాక అదే పాట చెవులు పగిలేలా వినిపించడం మీకు అనుభవమే.

దీని ప్రభావం చెవి మీద ఎలా ఉంటుంది? అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే నియోష్ సంస్థ 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినవద్దని సూచించింది. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 100కి 15 నిమిషాలే. గాలి హోరుతోనే ఈ కోటా చాలావరకు ఖర్చవుతుంది; పాట దాని మీద అదనపు భారం. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో మళ్లీ పుట్టవు. రాత్రి పడుకున్నాక చెవుల్లో గింగురుమనే మోత వస్తుంటే తేలిగ్గా తీసుకోకండి.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. దూరప్రయాణాలు చేసే బైకర్లు చెవుల్లో స్పాంజి ప్లగ్‌లు పెట్టుకుంటారు కదా, అదీ చెవి మూసుకోవడమే కదా? కాదు. ప్లగ్ హోరునూ హారన్‌నూ రెండింటినీ తగ్గిస్తుంది కనుక వాటి నిష్పత్తి పెద్దగా మారదు. హోరుకు పైన ఉన్న హారన్ పైనే ఉంటుంది. ఇయర్‌ఫోన్ మాత్రం హారన్‌తో పోటీ పడే మరో ధ్వనిని చెవిలోకి తెస్తుంది. "హెల్మెట్ పెడితే హారన్ వినబడదు" అని దాన్ని ట్యాంకు మీద పెట్టుకు తిరిగేవారికీ ఇదే సమాధానం.

ఇప్పుడు ఒంటి చెవి సంగతి. వెనక వస్తున్న లారీ హారన్ వినబడటం ఒకటి, అది ఎటునుంచి వస్తోందో తెలియడం మరొకటి. కుడివైపు ధ్వని కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి ఆలస్యంగా చేరుతుంది. ఈ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు దాన్ని పట్టుకుంటుంది. రెండు చెవులకూ అందే తీవ్రతల తేడా కూడా ఇందుకు తోడ్పడుతుంది. ఒక చెవి పాటతో నిండితే ఈ పోలిక చెడిపోతుంది. హారన్ విని, ఏ వైపుకు తప్పుకోవాలో తేలక తల తిప్పి చూసే ఆ క్షణం చాలా ఖరీదైనది. చట్టాలూ ఇక్కడ ఏకాభిప్రాయానికి రాలేదు: కాలిఫోర్నియాలో రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడమే నేరం, ఫ్రాన్స్ 2015 జూలై నుంచి ఒక చెవిలో ఉన్నా ఒప్పుకోదు. నాకు ఫ్రాన్స్ పద్ధతే సబబుగా తోస్తుంది.

ఇక అవధానం. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన స్ట్రేయర్, జాన్‌స్టన్ 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఫోన్‌లో సంభాషిస్తూ డ్రైవింగ్‌ను పోలిన పని చేసినవారు సిగ్నళ్లను రెండింతలు ఎక్కువగా గమనించకుండా వదిలేశారు. రేడియో విన్నవారిలో అటువంటి లోపం కనబడలేదు. సంభాషణలో మనం జవాబు తయారు చేసుకోవాలి; పాట ఏమీ అడగదు. అయితే పాట వేగం మాటేమిటి? ఇజ్రాయెల్ పరిశోధకుడు బ్రాడ్‌స్కీ 2001లో సిమ్యులేటర్ మీద పరిశీలించినప్పుడు, వేగవంతమైన సంగీతం వింటున్నవారు బండిని ఎక్కువ వేగంతో నడిపారు, ఎర్ర దీపాలను ఎక్కువగా దాటారు. అది కారు సిమ్యులేటర్ అని మరవకండి. బైకు మీద తూలితే కాపాడే తలుపులు లేవు.

మన అష్టావధానిని చూడండి. సమస్య, దత్తపది, అప్రస్తుత ప్రసంగం నడుస్తుండగానే గంటలు లెక్కపెడతారు కదా అని మీరు అడగవచ్చు. అవధాని ఏళ్ల తరబడి సాధన చేసినవారు. పైగా పృచ్ఛకులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. అక్కడ ఒక గంట తప్పిపోతే సభ నవ్వుతుంది, అంతే.

పాట కంటే పాట మార్చడం ప్రమాదం. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళతారు. ఫోన్ వైపు రెండు సెకన్లు చూస్తే 33 మీటర్లు చూడకుండా దాటినట్టే. మన దేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, బండి నడుపుతూ చేతిలో ఫోన్ వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది. పాట లేకుండా ప్రయాణం సాగదనుకునేవారు చెవిలో దూర్చే పరికరాలు మాని, హెల్మెట్‌లో అమర్చే స్పీకర్లు వాడి, బయలుదేరే ముందే వాల్యూమ్ తక్కువగా స్థిరపరచుకోవాలి. హోరు దాన్ని మింగేసినప్పుడు పెంచకూడదు. పాఠాల ఆడియోను మాత్రం ఇంట్లోనే వినండి. పరీక్షకు పనికొచ్చేంత శ్రద్ధ దానికి ఇస్తే రోడ్డుకు మిగలదు. రోడ్డుకు ఇస్తే పాఠం మళ్లీ వినాల్సిందే.

అభ్యాసం: ఇంట్లో కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చోండి. మిత్రుణ్ణి మీ చుట్టూ ఆరు చోట్ల నుంచి, వరుస లేకుండా, తాళాల గుత్తి ఆడించమనండి. ధ్వని వచ్చిన దిశను ప్రతిసారీ వేలితో చూపండి. తర్వాత ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పాట వింటూ ఇదే చేయండి. రెండుసార్లూ ఎన్ని తప్పులు వచ్చాయో, అవి ఎక్కువగా ఏ వైపు వచ్చాయో రాసుకుని తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి.