ఉప్పునీటి అక్వేరియంలో నాచు నియంత్రణ: పల్నాటి నీటి నేపథ్యం – పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంట్లోని ఉప్పునీటి అక్వేరియంలో నాచు పెరగడానికి వెలుతురు, పోషకాలు ప్రధాన కారణాలు. సముద్రతీరం లేని పల్నాడు వంటి ప్రాంతంలో, ఆవిరైన నీటికి బదులుగా రోజూ పోసే బోరునీరు ఈ పోషకాలు చేరే మార్గాల్లో ఒకటి. మనుషులు తాగదగిన నీరు కూడా ఉప్పునీటి తొట్టెకు తగినది కాకపోవచ్చునని లెక్కతో చూపి, నియంత్రణ చర్యలను ఏ క్రమంలో చేపట్టాలో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నాచు, పాచి, శైవలాలు, ఉప్పునీటి అక్వేరియం, నైట్రేట్, పల్నాడు.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాకు సముద్రతీరం లేదు. ఇక్కడ ఉప్పునీటి చేపలను పెంచదలచినవారు మంచినీటిలో సముద్రలవణ మిశ్రమాన్ని కలిపి, లీటరుకు సుమారు 35 గ్రాముల లవణీయత వచ్చేలా కృత్రిమ సముద్రజలాన్ని తయారు చేసుకోవాలి. అందువల్ల తొట్టెలో పెరిగే నాచు గురించి చర్చించేటప్పుడు ఆ మంచినీటి స్వభావాన్ని కూడా పరిశీలించాలి.

2. నాచు – పాచి: పదాలు, భేదాలు

శాస్త్రగ్రంథాలు ‘శైవలాలు’ అని ఒకే పేరుతో చెప్పేవాటికి వ్యవహారంలో రెండు మాటలున్నాయి. పోగులుగా, కుచ్చులుగా ఎదిగేదాన్ని ఎక్కువగా ‘నాచు’ అంటాం. బావిమెట్ల మీద జారుడుపొరగా ఏర్పడేది ‘పాచి’. నాచు పెరుగుతుంది, పాచి పడుతుంది. వాడుకలో ఈ హద్దు ఒక్కోసారి చెరిగిపోయినా, తొట్టెలోని సమస్యను గుర్తించడానికి ఈ భేదం ఉపకరిస్తుంది.

కొత్త తొట్టెలో ఇసుక మీద గోధుమరంగు దుమ్ములా కనిపించేవి డయాటమ్‌లు. వీటికి సిలికేట్ అవసరం. అది తగ్గితే చాలావరకు ఇవీ తగ్గిపోతాయి. రాళ్ల మీద పచ్చని వెంట్రుకల్లా పెరిగేది అసలైన నాచు. ఎర్రని జిగటపొర సయనోబాక్టీరియా. ఇది చూపుకు పాచే అయినా నిజానికి శైవలం కాదు, బాక్టీరియా. రాళ్లకు ఊదారంగు పెంకులా అంటుకొనే కోరలైన్ శైవలం మాత్రం ఆరోగ్యలక్షణం. దాన్ని గీకి తీయనక్కరలేదు.

3. పోషకాల రాక

చేపలకు వేసే మేతలోని నత్రజని మొదట అమ్మోనియాగా మారుతుంది. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. మేత నుంచే ఫాస్ఫేట్ కూడా చేరుతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్, వెలుతురు మూడూ సమృద్ధిగా దొరికినచోట నాచు పెరుగుతుంది. చేతితో తీసేసినా ఈ మూడూ అలాగే ఉంటే మళ్లీ వస్తుంది. తీరప్రాంతపు రొయ్యల చెరువుల్లో మేత మిగిలిపోతే నీటి రంగు చిక్కబడటానికీ ఇదే కారణం.

4. పల్నాటి నీరు: ఒక లెక్క

పిడుగురాళ్ల సున్నపుబట్టీలకూ, మాచర్ల ప్రాంతపు సిమెంటు పరిశ్రమకూ ఆధారమైన సున్నపురాయి ఇక్కడి భూగర్భంలో ఉంది. అటువంటి నేలలోని నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటుంది. తొట్టె అంచున పేరుకొనే తెల్లని పొర నాచు కాదు, ఆ కాఠిన్యపు ఫలితమో ఎండిన ఉప్పో అయి ఉంటుంది. నాచుకు ఊతమిచ్చేది కాల్షియం కాదు, నైట్రేట్. మిరప, పత్తి వంటి పంటలకు నత్రజని ఎరువులు ఎక్కువగా వేసేచోట అది భూగర్భజలంలో చేరే అవకాశం ఉంది.

భారతీయ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీటిలో నైట్రేట్ 45 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. ఒక బోరునీటిలో సరిగ్గా అంతే ఉన్నదనుకుందాం. రెంటచింతల ఎండలకు పేరుపడిన ఈ సీమలో వేసవినాడు 200 లీటర్ల తొట్టె నుంచి రోజుకు 3 లీటర్లు ఆవిరవుతాయనుకుందాం. ఆవిరయ్యేది నీరు మాత్రమే. నైట్రేట్ తొట్టెలోనే మిగిలిపోతుంది. ఆ లోటును బోరునీటితో పూరిస్తే రోజుకు 135 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు సుమారు 0.68 చొప్పున నైట్రేట్ కలుస్తుంది. 30 రోజులకు అది లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటుతుంది. మేత వల్ల చేరేది దీనికి అదనం.

వారానికి 10 శాతం నీరు మార్చినా పెద్దగా ఫలితం ఉండదు. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములున్న తొట్టెలో, నైట్రేట్ లేని కొత్తనీటితో పదోవంతు మారిస్తే అది 36కు తగ్గుతుంది. కానీ వారంపాటు పోసిన బోరునీటితో 4.7 పెరిగి మళ్లీ 40 దాటుతుంది. నీటిని కాచినా ప్రయోజనం లేదు. నైట్రేట్ ఆవిరి కాదు, మరింత చిక్కబడుతుంది.

5. నియంత్రణ క్రమం

మొదటి చర్య నీటిమూలాన్ని మార్చడం. ఆర్.ఓ. యంత్రం తర్వాత అయాన్లను తొలగించే రెజిన్ గొట్టం అమర్చి, టి.డి.ఎస్. మీటరు సున్నా చూపే నీటిని వాడాలి. వీధుల్లో అమ్మే 20 లీటర్ల డబ్బానీరు తాగడానికి ఉద్దేశించినది. అందులో కరిగిన లవణాలు కొంత మిగిలే ఉంటాయి.

రెండవది మేత. చేపలు రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. మూడవది వెలుతురు. దీపాలను రోజుకు 8 గంటలకు పరిమితం చేసి, కిటికీ ఎండ నేరుగా పడకుండా చూడాలి. నాలుగవది సేంద్రియ వ్యర్థాలను కుళ్లకముందే నురుగుగా వెలికితీసే ప్రోటీన్ స్కిమ్మర్. ఐదవది పోటీ. పక్కనున్న చిన్న గదిలో కీటోమార్ఫా అనే పెద్దశైవలాన్ని పెంచి, అప్పుడప్పుడు కత్తిరించి తీసేస్తే, దానితోపాటు పోషకాలూ బయటికి పోతాయి. నాచు మేసే నత్తలను చివరి సహాయంగానే భావించాలి. అవి తిన్నదానిలో కొంత విసర్జన రూపంలో మళ్లీ నీటిలోనే చేరుతుంది.

6. చేయకూడని పనులు

రాగి కలిసిన నాచునాశక మందులు నత్తలకు, రొయ్యలకు, పగడాలకు ప్రాణాంతకం. ఎర్రపొరకు యాంటీబయోటిక్ వేస్తే, అమ్మోనియాను మార్చే మేలైన బాక్టీరియా దెబ్బతిని చేపలకే ముప్పు రావచ్చు. నాచు ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. వెచ్చని నీటిలో అది అసలే తక్కువగా కరుగుతుంది కనుక, వేసవిలో విద్యుత్తు ఆగిన వేళ ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పోషకాలను పూర్తిగా సున్నా చేయడమూ తగదు. అటువంటి స్థితిలో డైనోఫ్లాజెల్లేట్‌లు విజృంభించవచ్చు. ‘సజీవశిల’ పేరిట పగడపు ముక్కలను సముద్రం నుంచి తేవడం చట్టరీత్యా నేరం. రీఫ్ నిర్మించే పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది.

7. ముగింపు

తొట్టెలో కనిపించే నాచు, అందులోకి చేరిన పోషకాలకు సూచిక. పల్నాటి వంటి ప్రాంతంలో ఆ రాకకు మేతతోపాటు రోజూ పోసే నీరూ కారణం కావచ్చు. కాబట్టి మందు కొనేముందు రెండు పరీక్షలు చేయాలి. తొట్టెలోని నీటినీ, తొట్టెలో పోసే నీటినీ నైట్రేట్, ఫాస్ఫేట్‌ల కోసం విడివిడిగా పరీక్షించాలి. రెండవదానిలో నైట్రేట్ గానీ ఫాస్ఫేట్ గానీ కనిపిస్తే, నియంత్రణను నీటిమూలంతోనే మొదలుపెట్టాలి.