యుద్ధానికి ముందు మద్దెల

పరేడ్ మైదానంలో పోలీసు బ్యాండు మోగితే కవాతు అడుగు కలుస్తుంది. ఓరుగల్లులో సైన్యానికీ సంగీతానికీ ఉన్న చుట్టరికం అంతకంటే ఎంతో పాతది.

కాకతీయ గణపతిదేవుడి గజసైన్యాన్ని నడిపిన జాయప సేనాని 1253-54లో సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఏనుగుల దళపతి నాట్యశాస్త్రం రాయడం ఎంత అబ్బురం! అందులో వర్ణించిన పేరిణి, మగవాళ్ల నృత్యం. యుద్ధానికి వెళ్లేముందు వీరులు శివుడి ఎదుట ఆడేవారని సంప్రదాయం చెబుతుంది.

పేరిణిలో లయదే పెత్తనం. మద్దెల మోగుతుంది, శంఖం పూరిస్తారు, గజ్జెలు ఒక్కసారిగా ఘల్లుమంటాయి. వేగం అంచెలంచెలుగా పెరిగి, చివరికి నర్తకుడి ఒళ్లంతా తాళమే అవుతుంది.

ఇతర దేశాలదీ ఇదే దారి. 18వ శతాబ్దంలో యూరప్ సైనిక బ్యాండ్లకు పెద్ద డోళ్లు, తాళాలు ఒట్టోమన్ తుర్కుల మెహ్తర్ దళాల నుంచే వచ్చాయి. బెదురు పోగొట్టి అందరి అడుగూ ఒక్కటి చేయడమే వాటి పని.

కాకతీయుల తర్వాత పేరిణి కనుమరుగైంది. జాయప గ్రంథాన్నీ, 1213 నాటి రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ (1923-2011) దానికి మళ్లీ ప్రాణం పోశారు. పాలంపేటలోని ఆ గుడికి వెళ్తే, నాట్యకత్తెల పక్కనే మద్దెల వాయిస్తున్న శిల్పాలను తప్పక చూడాలి. ఇప్పుడు ప్రభుత్వ ఉత్సవాల్లోనూ పేరిణి బృందాలు ఆడుతున్నాయి.