పల్స్ ఆక్సీమీటర్ కొంటున్నారా? కొట్లోనే సరిచూసుకోండి
ఇంట్లో ఉబ్బసం, సీవోపీడీ బాధితులు ఉన్నారా? పల్స్ ఆక్సీమీటర్ అక్కరకొస్తుంది. ధరలు అదుపు చేసేందుకు 2021 జులైలో ఎన్‌పీపీఏ దీనిపై వ్యాపారుల మార్జిన్‌ను 70 శాతానికి పరిమితం చేసింది. శ్రీకాకుళంలో కొన్నా, విజయనగరంలో కొన్నా పెట్టెపై ఎంఆర్‌పీ, లైసెన్సు నంబరు చూడండి. బిల్లు అడగండి.

కొట్లోనే వేలికి పెట్టి, మణికట్టు దగ్గర నిమిషంపాటు నాడి లెక్కపెట్టి పోల్చండి. ఫోన్ యాప్‌లను నమ్మొద్దు.

గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వెచ్చని వేలికే పెట్టండి. అంకె నిలకడయ్యేదాకా ఆగండి. చామనఛాయ, నల్లని చర్మంపై కాస్త ఎక్కువ చూపొచ్చు.

సాధారణంగా 95-100 ఉండాలి. 94 కంటే తగ్గితే డాక్టర్‌ను కలవండి. 90 కంటే తగ్గినా, అంకె బాగున్నా ఆయాసం తీవ్రంగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. సీవోపీడీ ఉన్నవారు తమకు ఎంత ఉండాలో డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోవాలి.