బడి వదిలే వేళకి నడినెత్తిన సూరీడు

భీమిలి అంటే పక్కనే సముద్రం... చల్లగా ఉంటుందనుకుంటాం. కానీ గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు. అందుకే వడగాల్పుల లెక్కకు మైదానాల్లో 40 డిగ్రీలైతే, తీరంలో 37కే వాతావరణశాఖ అప్రమత్తమవుతుంది.

2023 జూన్‌ 12న రాష్ట్రంలో బడులు తెరిచినా ఎండలు తగ్గలేదు. దాంతో కొన్నాళ్లు ఒంటిపూటే నడిపారు. అసలు సెలవులే ఇచ్చేస్తే? వేటకెళ్లే నాన్న, చేపలమ్మే అమ్మ ఇంట్లో ఉండరు. ఆ పిల్లలకు నీడా, మధ్యాహ్న భోజనమూ బడిలోనే. అలాగని ఒంటిపూటతోనూ తీరదు. మార్చి, ఏప్రిల్‌ నెలల్లో ఇంటిగంట కొట్టేది పన్నెండున్నరకి, ఎండ మండిపోయే వేళకి!

బడి ఉండాలా వద్దా అన్నదాని కన్నా, మిట్టమధ్యాహ్నం పిల్లలు ఎక్కడుంటారన్నదే అసలు ప్రశ్న. అన్నం తిన్నాక, ఎండ తగ్గేదాకా ఫ్యాను కింద కూర్చోనిస్తే చాలు. పాఠాలు ఆపినా ఫర్వాలేదు, నీడ మాత్రం తీసేయకూడదు.