మోటారు పందెములు - వేగమునకు వెల

విద్యార్థులారా! మన క్రీడాదినమున జరుగు పరుగు పందెములో ముందుగా గీతను దాటినవానికే బహుమానము. మోటారుకార్ల పందెమును అట్టిదే యని మీరు తలంతురు. కాని ఈ పందెములకెల్ల మూలమని చెప్పదగిన మొదటి పోటీలో అందఱికంటె ముందు చేరిన బండికి ప్రథమ బహుమానము దక్కలేదు.

1894 జూలై 22వ తేదీన ఫ్రాన్సు దేశమునందు పారిస్ నగరమునుండి రూవాన్ పట్టణము వఱకు, సుమారు 126 కిలోమీటర్ల దూరము, గుఱ్ఱములు లేని బండ్ల పోటీ జరిగెను. దీనిని నడపినది 'లె పెతీ జూర్నాల్' అను వార్తాపత్రిక. బండి అపాయకరము కాకుండవలెను, నడుపుటకు సులభముగా నుండవలెను, ప్రయాణమునకు వ్యయము మితముగా నుండవలెను అనునవి ఆ పత్రిక విధించిన నియమములు. ద డియోన్ ప్రభువు తన ఆవిరిబండిలో ముందుగా గమ్యము చేరెను. అయినను ఆ బండికి నిప్పు వేయుటకు వేఱొక మనుష్యుడు కావలసియుండుటచే న్యాయనిర్ణేతలు ప్రథమ బహుమానమును ప్యూజో, పనార్ లెవాసోర్ అను రెండు సంస్థల పెట్రోలు బండ్లకు పంచి యిచ్చిరి. 'అపాయము లేకుండుట' యను ఆ మొదటి నియమమును జ్ఞాపకముంచుకొనుడు. పందెముల లోకము దానిని శీఘ్రముగా మఱచెను. మరల నేర్చుకొనుటకు నూఱేండ్లు పట్టెను.

మఱపునకు ఫలము 1903 మే మాసముననే కనబడెను. పారిస్ నుండి మాడ్రిడ్ వఱకు సామాన్య ప్రజలు నడచు బాటలమీదనే పందెము పెట్టిరి. ధూళిచే ముందు దారి కానరాలేదు. చూడవచ్చిన జనము బాటకు అడ్డముగా నిలిచియుండిరి. సారథులును ప్రేక్షకులును పలువురు మరణించిరి. రెనో సంస్థను స్థాపించిన సోదరులలో నొకడైన మార్సెల్ రెనోయు వారిలో నొకడు. ప్రభుత్వమువారు పందెమును బోర్డో నగరమునందే ఆపివేసిరి. అప్పటినుండి ఊరినుండి ఊరికి పోవు పందెములు తగ్గి, జనసంచారము లేకుండ మూసిన చుట్టుబాటలమీద పందెములు ప్రబలెను. 1906లో ల మాన్ పట్టణముచెంత జరిగిన మొదటి ఫ్రెంచి గ్రాన్ ప్రీ యట్టిదే. దానియందు రెనో బండిని నడపిన ఫెరెంక్ సిస్ జయించెను.

ఇక నీ పందెములలోని తరగతులను గూర్చి కొంత తెలిసికొందము. ఇరువదినాలుగు గంటలు బండి చెడకుండ, సారథులు మాఱుచు నడపునది ల మాన్ పందెము. ఇది 1923లో ఆరంభమయ్యెను. అమెరికాలో ఇండియానాపోలిస్ నందు 500 మైళ్ల పందెము 1911 మొదలుకొని ప్రసిద్ధము. అన్నిటికంటె పేరొందినది ఫార్ములా వన్. 'ఫార్ములా' యనగా బండి బరువు, ఇంజను మున్నగువానిని గూర్చిన నియమావళి. దాని ప్రపంచ సారథిత్వ పోటీ 1950 మే 13న ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌నందు మొదలయ్యెను.

ఈ పోటీలో జట్టు వేఱు, ఇంజను చేయువారు వేఱు కావచ్చును. ఇటలీలోని ఫెరారీ సంస్థ బండిని, ఇంజనును తానే నిర్మించుకొనును. 1950 మొదలు ప్రతి సంవత్సరమును పోటీలో పాల్గొన్న జట్టు అదొక్కటియే. ఇంగ్లండులోని మెక్‌లారెన్ జట్టు అట్లుగాక 1988లో జపానులోని హోండా ఇంజనును తన బండిలో అమర్చి, ఆ యేటి 16 పందెములలో 15 గెలిచెను. కావుననే సారథికొక బిరుదమును, బండిని నిర్మించిన జట్టునకొక బిరుదమును వేఱువేఱుగా ఇత్తురు. ఈ రెండవది 1958లో ఏర్పడెను.

వేగము పెరిగినకొలది ప్రాణనష్టమును పెరిగెను. 1955 జూన్ 11న ల మాన్‌నందు పియెర్ లెవెగ్ నడపుచున్న మెర్సిడెస్ బండి మఱియొక బండికి తగిలి ఎగిరి గట్టుమీద పడెను. దాని ముక్కలు జనసమూహముపై దూసికొనిపోయెను. 80 మందికి పైగా మరణించిరి. ఆ యేటి చివర మెర్సిడెస్ సంస్థ పందెములను విడిచెను. స్విట్జర్లండు దేశము చుట్టుబాట పందెములనే నిషేధించెను. అయినను తక్కిన దేశములలో 'అపాయము పందెమునకు సహజము' అను మాట పోలేదు.

ఆ మాటకు ఎదురు నిలిచినవాడు స్కాట్లండుకు చెందిన జాకీ స్టీవర్ట్. 1966లో బెల్జియములోని స్పా బాటమీద వర్షములో అతని బండి జాఱి పడిపోగా, అతడు లోపల చిక్కుకొనెను. దేహమంతయు పెట్రోలుతో తడిసెను. ఒక్క నిప్పురవ్వ చాలును. తీయుటకు పనివారు లేరు, పనిముట్లు లేవు. తోడి సారథు లిద్దఱు ఒక ప్రేక్షకుని యొద్ద పానా అడిగి తెచ్చి, అతనిని వెలికి తీసిరి. అప్పటినుండి అతడు నడుముపట్టీలు, మంచి శిరస్త్రాణములు, బాటప్రక్క అడ్డుకట్టలు, వైద్యసహాయము కావలెనని పోరాడెను. పిఱికివాడని పలువురు ఎగతాళి చేసిరి. కాని మూడు పర్యాయములు ప్రపంచ విజేతయైనవానిని పిఱికివాడనుట యెట్లు? 1973లో తన జట్టులోని చిన్నవాడు ఫ్రాన్స్వా సెవేర్ మరణింపగా, తన నూఱవ పందెమును నడపకయే స్టీవర్ట్ విరమించెను.

అతడు వేసిన విత్తనము ఫలించుటకు మఱి కొన్ని మరణములు కావలసివచ్చెను. 1994లో ఇటలీలోని ఇమోలాయందు ఏప్రిల్ 30న రోలాండ్ రాట్జెన్‌బర్గర్, మఱునాడు మూడు మారులు విజేతయైన అయిర్టన్ సెన్నా మరణించిరి. అటుపిమ్మట బండ్ల నిర్మాణము, బాటల మలుపులు, అడ్డుకట్టలు శాస్త్రరీతిని పరిశీలింపబడి మార్చబడెను. 2018లో సారథి తలచుట్టు 'హేలో' అను టైటానియము కమ్మీ తప్పనిసరి చేయబడెను. అది సుమారు 12 టన్నుల భారమును మోయగలదు. బండి యందము చెడినదని పలువురు గొణగిరి. ఫ్రెంచి సారథి రొమాఁ గ్రోజాఁకును అది మొదట నచ్చలేదు.

2020 నవంబరు 29న బహ్రెయిన్ పందెము మొదటి చుట్టులోనే ఆ గ్రోజాఁ బండి ఇనుప అడ్డుకట్టను చీల్చుకొనిపోయి, రెండు ముక్కలై భగ్గున మండెను. చూచువారందఱు అతనిపై ఆశ వదలుకొనిరి. సుమారు 28 సెకండ్ల పిదప ఆ మంటలలోనుండి అతడు తానే బయటికి వచ్చెను. చేతులు మాత్రము కాలెను. తనకు నచ్చని ఆ కమ్మీయే తన తలను కాపాడినదని ఆసుపత్రినుండియే అతడు ఒప్పుకొనెను.

ఈ విద్య పందెపు బాటను దాటియు ఉపకరించినది. లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ బాలుర ఆసుపత్రి వైద్యులు, జట్టు పనివారు కొన్ని సెకండ్లలోనే నాలుగు చక్రములను మార్చు తీరును గమనించిరి. ఒక్కొక్కనికి ఒక్కొక్క పని. అరపులు లేవు, తొట్రుపాటు లేదు. గుండె శస్త్రచికిత్స యైన శిశువును శస్త్రశాలనుండి మఱియొక గదికి చేర్చి అప్పగించుటలో పొరపాట్లు దొరలుచుండగా, వారు ఫెరారీ జట్టువారిని సలహా అడిగిరి. ఆ పద్ధతిచే పొరపాట్లు తగ్గినట్లు 2007లో ప్రకటించిరి.

మన తెలుగుదేశమునకును ఈ పందెములు క్రొత్తవి కావు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరము ఒడ్డున విద్యుచ్ఛక్తితో నడచు ఫార్ములా ఈ బండ్లు పరుగెత్తెను. ఫ్రాన్సుకు చెందిన జాఁ ఎరిక్ వెర్న్ జయించెను. దానిని చూచి సైకిలుమీదనో మోటారు సైకిలుమీదనో అట్లు దూసికొనిపోవలెనని మీలో కొందఱికి తోచవచ్చును. ఆ సారథుల వేగమునకు ముందు వారి నడుముపట్టీని, శిరస్త్రాణమును, బాటప్రక్క వేచియుండు వైద్యుని చూడుడు. అవి లేని మన ఊరి బాటమీద ఆ వేగమును అనుకరించుట ధైర్యము కాదు. 1894 నాటి న్యాయనిర్ణేతలవలెనే ముందు వచ్చినవానికి గాక, క్షేమముగా వచ్చినవానికి బహుమాన మిచ్చువారు మీ యింటి వాకిట ఎదురుచూచుచుందురు.