ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేయండి

శుభలేఖలో ఎన్ని వరసలున్నా అసలైన అంకె ఒక్కటే. 'శనివారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం'. భోజనాలు అరగంట ఆలస్యమైనా నడుస్తుంది. రిసెప్షన్ గంట ఆలస్యమైనా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. జీలకర్ర బెల్లం పెట్టే ఆ నిమిషాన్ని మాత్రం జరపలేం. అయినా మన పెళ్లిళ్ల ప్లానింగ్ ఎప్పుడూ పొద్దున్నుంచి ముందుకే సాగుతుంది. 'ముందు ఇది కానివ్వండి, తర్వాత చూద్దాం' అనుకుంటూ పోతారు. చివరికి పంతులుగారు మైకులో మూడోసారి 'అమ్మాయిని తీసుకురండమ్మా' అని పిలిచే వేళకి పెళ్లికూతురు సగం అల్లిన జడతో, పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో అద్దం ముందు ఉంటుంది. ఆమె తండ్రి గది బయట చెమటలు కక్కుతూ తిరుగుతుంటాడు.

ఇంజినీరింగ్ చదివిన పుణ్యాన స్నేహితుల పెళ్లిళ్లకు టైమ్ షీట్ తయారుచేసే డ్యూటీ నాకు పడింది. అందులో ఫార్ములాలు గట్రా ఏమీ ఉండవు. ముహూర్తం నిమిషాన్ని అట్టడుగు వరసలో రాసి, అక్కడి నుంచి పైకి లెక్కేసుకుంటూ వెళ్లడమే.

ఓ రాత్రి ముహూర్తాన్ని విప్పి చూద్దాం

2:14కి జీలకర్ర బెల్లం. ఇంటింటికీ క్రమం మారుతుంది కాబట్టి అంతకుముందు ఏమేం జరగాలో మీ పంతులుగారినే అడగండి. గౌరీపూజ, మిగతా తంతు కలిపి గంట అనుకుందాం. అంటే 1:15కి పెళ్లికూతురు పీటల దగ్గర ఉండాలి. పూలజడ, మేకప్, నగలు, చీర కట్టు... ఎంత చేయి తిరిగిన ఆర్టిస్ట్ అయినా రెండు గంటలకు తగ్గదు. కాబట్టి 11 గంటలకు మొదలుపెట్టాలి. దానికి ముందు ఆచారం ఒప్పుకున్న మేరకు ఏదో ఒకటి తిని, కాసేపు నడుం వాల్చడానికి అరగంట. అంటే 10:30కల్లా రిసెప్షన్ స్టేజీ దిగిపోవాలి.

అందరూ దెబ్బతినేది ఇక్కడే. స్టేజీ మీదికి 600 మంది వస్తారనుకోండి. నలుగురేసి చొప్పున 150 గుంపులు. అక్షింతలు వేసి, కవరు ఇచ్చి, ఫొటో దిగి, పక్కకు తప్పుకోవడానికి గుంపుకి 40 సెకన్లు పట్టినా మొత్తం 100 నిమిషాలు. మధ్యలో డ్రోన్ షాట్, కేకు, కజిన్స్ డాన్సు ఉంటే అవి అదనం. 8:30కి స్టేజీ ఎక్కితేనే 10:30కి దిగగలరు. కార్డులో '7 గంటల నుంచి' అని వేసి, మీరు 9 గంటలకు తయారై వస్తే ఆ అరగంట లోటు పడేది మీ భోజనం, నిద్ర మీదే. అందుకే రిసెప్షన్‌కి పెద్ద లెహెంగా, దానికి తగిన హెయిర్ స్టైల్ అనుకునేవాళ్లు ముందు ఓ పని చేయండి. ఆ జుట్టు విప్పి, స్ప్రే వదిలించి, మళ్లీ జడ వేయడానికి ఎంతసేపు పడుతుందో ట్రయల్ రోజునే ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. ఆర్టిస్ట్ నోటి మాటగా చెప్పే 'పది నిమిషాలు మేడమ్'ని షీట్‌లో రాయకండి.

పంతులుగారిని అడగాల్సింది ఇంకొకటుంది. రోజుకు 12 లగ్నాలు. ఒక్కోటి సగటున రెండు గంటలు. అందులో తొమ్మిదో వంతు ఒక నవాంశ, అంటే దాదాపు 13 నిమిషాలు. శుభలేఖల్లో 'పుష్కరాంశ' అని చూస్తుంటాం కదా, అది ఈ నవాంశల లెక్కలోదే. మీ 2:14 ఆ అంశలో మొదట్లో ఉందా, చివర్లో ఉందా తెలుసుకుంటే మీ చేతిలో నిజంగా ఎన్ని నిమిషాల వెసులుబాటు ఉందో తేలుతుంది. అడిగితే పెద్దలు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. నేను చూసిన పంతుళ్లంతా సంతోషంగానే చెప్పారు.

కట్టుకునేది కాదు, కదిలేది చూడండి

ఇన్‌స్టాలో సేవ్ చేసుకున్న ఫొటోల్లో పెళ్లికూతురు నిలబడి ఉంటుంది. నిజం పెళ్లిలో రెండు మూడు గంటలు పీటల మీద కూర్చోవాలి. వంగాలి, చేతులెత్తాలి, హోమం చుట్టూ నడవాలి. కొన్న ప్రతిదాన్నీ ఇంట్లో నేల మీద కూర్చుని పరీక్షించండి. అబ్బాయిలూ, ఇది మీకు కూడా. అమ్మాయి తల మీద జీలకర్ర బెల్లం ముద్దను పట్టుకుని పంతులుగారు చాలనేదాకా చేయి ఎత్తి ఉంచాలి. చంక దగ్గర బిగుతుగా కుట్టిన షేర్వాణీతో ఐదు నిమిషాలు అలా ఉండి చూడండి, తెలుస్తుంది. పంచె కట్టడం రాకపోతే సిగ్గేం లేదు, కుట్టించిన రెడీమేడ్ పంచెలు దొరుకుతున్నాయి. తలంబ్రాల పోటీలో పంచె జారకపోవడం అన్నిటికన్నా ముఖ్యం!

అమ్మాయిలకు మెడ దగ్గర చిక్కు. కంటె, హారాలు, పూలదండ, వెనక బరువైన జడ... వీటన్నిటి మధ్య పెళ్లికొడుకు మూడు ముళ్లు వేయాలి. జడ ఎత్తి పట్టుకునేది ఎవరో ముందే అనుకోండి. చోకర్ లాంటిది అప్పటికి తీసేస్తే సూత్రం కంటికి కనపడుతుంది, ఫొటోలోనూ పడుతుంది. వంకీ పెట్టుకునేట్టయితే దాన్ని టైలర్ దగ్గరికి తీసుకెళ్లి, చేయికి తొడిగి చూశాకే జాకెట్టు చేతుల కొలత ఇవ్వండి. మగ్గం వర్క్ ఉంటే ముహూర్తాల సీజన్‌లో నెలన్నర ముందే ఇచ్చేయడం మేలు. మౌఢ్యం పోగానే ఊళ్లో పెళ్లిళ్లన్నీ అవే నాలుగైదు తేదీల మీద పడతాయి. టైలరూ అందరికీ ఆయనే.

చాలా ఇళ్లలో మంగళసూత్రధారణకు ముందు మధుపర్కాలు కట్టుకుంటారు. షీట్‌లో ఎప్పుడూ కనపడని బట్టల మార్పు ఇది. ఆ చీరకు ముందు రోజే కుచ్చిళ్లు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులతో సహా మడిచి ఉంచితే పది నిమిషాల్లో పనైపోతుంది. శ్రావణమాసం ఉక్కలో బరువైన కంచిపట్టు ఆరేడు గంటలు మోయలేం అనుకుంటే పూజ సమయానికి గద్వాల చీర చూడొచ్చు, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఉప్పాడ జమ్దానీ కూడా తేలికే. ఒక్క హెచ్చరిక: నెట్, జార్జెట్ లాంటి సింథటిక్ దుపట్టాలు హోమం దగ్గరికి వద్దు.

మండపంలో లైట్లు, మెమరీ కార్డులు

డెకరేషన్ వాళ్లకు ఊదా, గులాబీ ఎల్‌ఈడీ లైట్లంటే మహా ఇష్టం. వాటి కింద తెల్లటి మధుపర్కం గులాబీ రంగుకి మారిపోతుంది, ముఖాలు నీలంగా వస్తాయి. రెండు మూడు రంగుల వెలుగు కలిసి పడితే ఎడిటింగ్‌లోనూ సరిగ్గా సరిచేయలేరు. స్టేజీకి ఏ రంగైనా పెట్టుకోనివ్వండి. మండపం మీద మాత్రం ఒకే రకం తెలుపు ఉండాలని అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే రాయించండి.

వీడియో వాళ్లను అడగాల్సింది కెమెరా మోడల్ కాదు, కాపీల సంగతి. 100 ఎంబీపీఎస్‌లో 4కే వీడియో గంటకు 45 జీబీ తింటుంది. రెండు కెమెరాలు ఆరు గంటలు తిరిగితే 540 జీబీ. తెల్లారేలోపు అది ఇంకో డ్రైవ్‌లోకి వెళ్తుందా, లేక కార్డులు జేబులో వేసుకుని మరో పెళ్లికి పోతారా? ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబుతో ఎవరిని పెట్టుకోవాలో తేల్చుకోవచ్చు.

ఇక ఆ 'తెల్లవారితే ఆదివారం' సంగతి. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, ఫోన్ క్యాలెండర్‌కు అర్ధరాత్రితో. శనివారం రాత్రి 2:14ని ఫోన్‌లో శనివారం తెల్లవారుజామున అని పెట్టుకుని ఒకరోజు ముందే దిగేవాళ్లుంటారు. ఆదివారం రాత్రికి టికెట్ కొనేవాళ్లూ ఉంటారు. వాట్సాప్ మెసేజ్‌లో 'శనివారం సాయంత్రానికి వచ్చేయండి' అని విడిగా రాయండి. శ్రావణంలో అయితే ఆ ముహూర్తం డాలస్‌లో ఉన్న అన్నయ్యకు శనివారం మధ్యాహ్నం 3:44. లింకుతో పాటు వాళ్ల టైమూ పంపండి.

మీ ఫోన్ మాత్రం సాయంత్రమే వేరేవాళ్లకు ఇచ్చేయాలి. పీటల మీద ఉండగా క్యాటరింగ్ ఆయన బ్యాలెన్స్ అడిగితే ఓటీపీ ఎవరు చెబుతారు? వ్యక్తులకు యూపీఐ సాధారణంగా రోజుకు లక్ష దాటదు, కొత్త ఖాతా అయితే మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు ఇంకా తక్కువే పంపనిస్తాయి. ఎవరెవరికి ఎంత ఇవ్వాలో రాసిన చీటీ, డబ్బు రెండూ బాబాయి లాంటి ఒక్క మనిషి దగ్గర పెట్టి, నాన్నని ఆ పని నుంచి తప్పించండి. కూతురు పెళ్లిలో కన్యాదానం చేయాల్సిన మనిషి జనరేటర్ డీజిల్ లెక్కలు చూడటం ఏం బాగుంటుంది?

చివరగా రిజిస్ట్రేషన్. జీవిత భాగస్వామి వీసాకు మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి, ఆఫీసు ఆరోగ్య బీమాలో పేరు చేర్చడానికీ తరచూ అడుగుతారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వయసు, చిరునామా రుజువులతో పాటు పెళ్లి ఫొటో, శుభలేఖ చూపించాలి, సాక్షులు సంతకం పెట్టాలి. ఇద్దరి ముఖాలూ స్పష్టంగా కనిపించే ఫొటో ఒకటి ఆ రాత్రే ఫోన్‌లో తీయించుకోండి, ఆల్బమ్ నెలల తర్వాత గానీ రాదు. శుభలేఖలు రెండు బీరువాలో దాచండి. వెయ్యి అచ్చు వేయించి, అన్నీ పంచేసి, ఆఖరికి ఒక్కదాని కోసం చుట్టాల ఇళ్లకు ఫోన్లు చేసినవాళ్లను చూశా.